ఖాళీ కొలత

మేము నూనెను కొలవం.
ట్యాంకు మూత తీసి
ఇత్తడి గుండు వేలాడే టేపును లోపలికి జారవిడిచి
పైన మిగిలిన ఖాళీని కొలుస్తాం.
ఖాళీ ఎంతో తెలిస్తే
నూనె ఎంతో పట్టికే చెబుతుంది.
ఇరవై రెండేళ్లుగా ఇదే నా కూడు.

కుకుప్ రేవు నుంచి ఓడల దాకా సెమాన్ పడవలో వెళ్తాను.
అతనికి పట్టికలు అక్కర్లేదు.
"చూడు లియోంగ్,
ఎర్ర పొట్ట బయటికి కనిపిస్తే ఓడకి ఆకలి.
పొట్ట నీళ్లలో మునిగి
ఓడ ఎక్కడికీ కదలకపోతే
ఊళ్లకి ఆకలి చచ్చిందని."

ఆ ఏడాది జలసంధి నిండా మునిగిన పొట్టలే.
ముప్పై ఏడు దాకా లెక్కపెట్టాను,
ఆ తర్వాత పొగ మసక.
ఒక్కో దానిలో ఇరవై లక్షల పీపాలు.
బయల్దేరిన రోజు కొనేవాడు ఉన్నాడు.
దారిలో ఉండగానే వద్దన్నాడు.

హాంబర్గ్‌లో ఎవరో తల్లి
బ్యాటరీతో పరిగెత్తే బొమ్మలారీ చేతిలోకి తీసుకుని
ధర చూసి
మళ్లీ అరలో పెట్టేసి ఉంటుంది.
నింగ్బోలో రెండో షిఫ్టు ఎత్తేసి ఉంటారు.
బొమ్మల్ని మోయాల్సిన అసలు లారీ
షెడ్డులోనే ముసుగు తన్ని ఉంటుంది.
నాకేం తెలుసు, నేను చూడలేదు.
నేను చూసింది ఈ గొలుసునే,
అటు ఒక చెయ్యి వెనక్కి వెళ్తే
ఇటు సముద్రం అడుగుకి దిగి
తుప్పు పట్టిన గొలుసు.

ఆ ఓడలో పంపుల మనిషి డియోనిసియో, ఇలోయిలో వాడు,
పెయింటు డబ్బాలో టమాటా విత్తనాలు చల్లాడు.
మొదటిసారి నేను ఎక్కినప్పుడు రెండాకులు.
మూడోసారికి పిందెలు.
"మీ ఆఫీసుకి ఇది రాసి పంపు" అన్నాడు.
నేను రాసింది ఇదీ:
ఖాళీ ఒక మీటరు నలభై రెండు, మార్పు లేదు.

అబద్ధం, కొంచెం మార్పుంది.
మధ్యాహ్నం ఎండకి నూనె ఉబ్బుతుంది,
ఖాళీ నాలుగు మిల్లీమీటర్లు తగ్గుతుంది,
రాత్రికి మళ్లీ కుంగుతుంది.
ఆ ఏడాదంతా
నూనెలో నాకు కనిపించిన కదలిక అదొక్కటే.

"చవగ్గా ఉందిగా, అందరికీ మంచిదేగా"
అంది మా అత్తగారు టీవీ ముందు కూర్చుని.
సెమాన్‌తో చెబితే నవ్వాడు.
అతని ఇంజనుకి పెట్రోలు చవకే.
అవతలి ఒడ్డున సింగపూర్ హోటళ్లు
కుర్చీలు బల్లల మీదికెక్కించి తలుపులేశాయి.
చవకైన నూనె పోసుకుని వెళ్లి
పట్టుకొచ్చిన పీతల్ని
ఇంకా చవగ్గా ఇచ్చేసి వచ్చాడు.
"పొయ్యి ఉచితం, బియ్యమే లేవు."

పద్నాలుగో నెలలో ఒక రాత్రి
గొలుసులు పైకి లాగుతున్న చప్పుడు.
తెల్లారేసరికి నాలుగు ఓడలు లేవు.
వారం తిరిగేసరికి పదకొండు.
ఎవరూ డప్పు కొట్టి చెప్పలేదు.
బతు పహట్‌లో మా చెల్లెలి కుట్టు ఫ్యాక్టరీ
ఆదివారం కూడా రమ్మని కబురు పెట్టింది.
సెమాన్ పీతల్ని మళ్లీ అడిగారు.
పీతల ధర పెరగకముందే
పెట్రోలు ధర పెరిగి కూర్చుంది.
అతను ఏమీ అనలేదు,
ఇంజను ఆపేసి మిగతా దూరం
ఆటుపోటు మీద వదిలేశాడు.

పెంగెరాంగ్‌లో సరుకు దింపాక
డియోనిసియో ఓడకి చివరి కొలత నాదే.
టేపు జారవిడిచాను.
జారుతూనే ఉంది.
పది, పదిహేను, ఇరవై అయిదు,
ఎక్కడో అడుగున ఇత్తడి ఇనుముకి తగిలి
ఠంగుమంది.
ఆఫీసులో వాళ్లు ఇంత పెద్ద ఖాళీ చూసి
టీ ఇప్పించారు.

దిగేటప్పుడు అతను మూడు టమాటాలు చేతిలో పెట్టాడు,
కిరసనాయిలు వాసన.
పడవలో సెమాన్ ఒకటి లుంగీకి తుడుచుకుని కొరికాడు,
మొహం చిట్లించాడు,
రెండోది కూడా తీసుకున్నాడు.
మా పక్కన ఓడ పైకి లేచి
ఎర్ర పొట్ట అంతా బయటపడి ఉంది.
దాని మీద ఏడాది నాటి పాచి
ఎండకి పెచ్చులు పెచ్చులుగా
ఊడుతోంది.